18వ శతాబ్దపు సైన్సూ సాహిత్యం అంతా లండన్, పారిస్‌లోనే పుట్టిందా? అంచు ప్రాంతాల వాటా ఎంత?

చరిత్ర_పిచ్చి:
నమస్తే అండి. ఎంఏ హిస్టరీ చదువుతున్నా. సెమినార్‌కి యూరప్ ఎన్‌లైటెన్‌మెంట్ (18వ శతాబ్దపు జ్ఞానోదయ యుగం) మీద పేపర్ రాయాలి. ఏ పుస్తకం తీసినా ఒకటే వరస, లండన్ రాయల్ సొసైటీ, పారిస్ అకాడమీ, ఫ్రెంచి రచయిత వోల్టేర్, మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టిన స్వీడన్ లిన్నేయస్, ఆలోచన అక్కడ పుట్టి తర్వాత మెల్లగా మిగతా ప్రపంచానికి పాకింది అన్నట్టే ఉంటుంది. ఇండియా, కరీబియన్, అమెరికా, స్కాట్లండ్ కొండలు ఇవన్నీ చివర్లో ఒక పేరాలో వస్తాయి, అదీ మొక్కలూ రాళ్ళూ పంపించిన చోట్లుగా మాత్రమే. నాకెందుకో అది నమ్మబుద్ధి కావట్లేదు. కానీ ఎదురు రాయాలంటే గట్టి ఉదాహరణలు కావాలి కదా. శాంపిల్స్ పంపడం కాదు, అసలు ఆలోచనే, పద్ధతే అంచుల్లో నుంచి వచ్చిన సందర్భాలు, పేర్లూ సంవత్సరాలతో చెప్పగలరా? సైన్స్ అయినా సాహిత్యం అయినా పర్లేదు. మా గైడ్ గారు "ఆవేశపడి రాయకు, ఆధారం చూపించు" అన్నారు. మన తెలుగు ప్రాంతానికి నిజంగా లింక్ ఉంటే ఇంకా సంతోషం, లేకపోతే బలవంతంగా అతికించక్కర్లేదు.

విశాఖ_ఉప్పుగాలి:
అతికించే పనే లేదండి, మీకు కావాల్సిన కథల్లో ఒకటి మా ఊళ్ళోనే జరిగింది.

1760ల మధ్యలో ఉత్తర సర్కార్లు (మన కోస్తా జిల్లాలు) ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. మద్రాసు వాళ్ళకే ఇది మారుమూల, ఇక లండన్ సంగతి చెప్పక్కర్లేదు. 1782లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాటిష్ డాక్టర్ విశాఖపట్నం వచ్చాడు, తమ్ముడు ఇక్కడ కంపెనీ ఉద్యోగంలో ఉన్నాడు. ఈయన అంతకు ముందు చాలా ఏళ్ళు సిరియాలో, అలెప్పోలో డాక్టర్‌గా చేసి ప్లేగు రోగుల్ని దగ్గర్నుంచి చూసినవాడు. అంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకి వచ్చిన మనిషి. ఇక్కడ ఆయన ముందుకొచ్చిన సమస్య పాము కాటు. ఏ పాముకి విషం ఉంది, ఏ పాముకి లేదు, మామూలు జనం చూసి ఎలా గుర్తుపట్టాలి అనేది. యూరప్‌లో కూర్చుని సీసాలో ఊరిన పాముని చూసేవాళ్ళకి ఆ ప్రశ్న రాదు, వచ్చినా జవాబు దొరకదు. ఇక్కడ పాములు పట్టేవాళ్ళు ఉన్నారు, ఏ పాము ఎక్కడ ఉంటుంది, కరిస్తే ఏమవుతుంది అని తరాలుగా తెలిసినవాళ్ళు. వాళ్ళు తెచ్చిన పాముల్ని పెట్టుకుని రస్సెల్ కోరలు పరీక్షించాడు, కుక్కల మీద కోళ్ళ మీద కాట్లు వేయించి చూశాడు, అప్పట్లో పాము కాటుకి పేరున్న తంజావూరు మాత్రల్ని కూడా (వాటిలో పాషాణం ఉండేది) పని చేస్తాయా లేదా అని పరీక్ష పెట్టాడు.

ఇవన్నీ కలిపి పాముల మీద ఆయన రాసిన పుస్తకం 1796లో కంపెనీ డైరెక్టర్ల ఆదేశంతో లండన్‌లో అచ్చయింది. అందులో బొమ్మల దగ్గర పాముల పేర్లు చూడండి, ఒళ్ళు పులకరిస్తుంది నాకైతే. జెర్రిపోతు, బంగారు పాము, కాటుక రేకుల పొడ, ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లే. వైజాగ్‌లో పోగుచేసిన 200 చేపల మీద 1803లో ఇంకో పుస్తకం వచ్చింది, అందులోనూ మన పేర్లే, తర్వాత పారిస్‌లో కువియే లాంటి జంతు శాస్త్రవేత్తలు ఆ బొమ్మల ఆధారంగా కొన్ని చేపలకి సైంటిఫిక్ పేర్లు పెట్టారు. అదే 1803లో దోదాన్ అనే ఫ్రెంచాయన బంగారు పాము పేరుతో బంగారస్ అని ఒక ప్రజాతినే పెట్టాడు, ఇవ్వాళ కట్లపాములన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. కాటుక రేకుల పొడ మాత్రం, అదే మన రక్తపింజర, రస్సెల్ పేరు మీదకి పోయింది.

ఇక మొక్కలు. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తమిళ తీరంలో డేనిష్ వాళ్ళ స్థావరం ట్రాంక్విబార్‌కి మిషన్ డాక్టర్‌గా వచ్చి, తర్వాత కంపెనీలో చేరి, 1785లో కాకినాడ పక్క జగన్నాథపురంలో చనిపోయాడు. ఆయన చివరి రోజుల్లో దగ్గరున్నది సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్. ఈయన 1781 నుంచి పన్నెండేళ్ళ దాకా సామర్లకోటలోనే ఉండి మొక్కలు పెంచి, ఒక ఇక్కడి చిత్రకారుణ్ణి ఎప్పుడూ పనిలో పెట్టుకుని బొమ్మలు వేయించాడు. వాటిలో 300 ఎంచి, 1795లో మొదలుపెట్టి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో వేశారు, ముందుమాట రాసింది రస్సెల్. వర్ణనల్లో "తెలింగలు దీన్ని ఇలా అంటారు, దీనికి వాడతారు" అని వస్తూనే ఉంటుంది. మీకు పనికొచ్చే ఉదాహరణ సోమిద చెట్టు. రాజమండ్రి సర్కారు కొండల్లో పెరిగేది. అప్పట్లో చలిజ్వరానికి పెరూ నుంచి వచ్చే సింకోనా బెరడే మందు, అది స్పెయిన్ గుప్పిట్లో ఉంది. దాని బదులు సోమిద బెరడు వాడొచ్చని రాక్స్‌బర్గ్ 1793లో ప్రచురించాడు, మరుసటేడు ఎడిన్‌బర్గ్‌లో ఆ బెరడు మీద మెడికల్ థీసిస్ వచ్చింది. ఈ రోజుకీ ఆ చెట్టు బొటానికల్ పేరు సోయ్‌మిడానే.

మరి ఆ చిత్రకారుడి పేరేంటి, పాములవాళ్ళ పేర్లేంటి అంటే పుస్తకాల్లో లేవు. మీ పేపర్లో ఈ మాట తప్పకుండా రాయండి.

డ్యూటీ_డాక్టరమ్మ:
పైన రాసింది చాలా బావుంది అండి. నేను మెడిసిన్ వైపు నుంచి ఒకటి చెప్తా, నా దృష్టిలో మీ ప్రశ్నకి ఇంతకన్నా గట్టి జవాబు లేదు. మశూచి.

మశూచి వచ్చినవాళ్ళ పుండు నుంచి కొంచెం రసి తీసి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చర్మం మీద గాటు పెట్టి ఎక్కించడం, దాంతో చిన్న జబ్బు వచ్చి తగ్గిపోయి మళ్ళీ జన్మలో రాకపోవడం, ఈ పద్ధతి లండన్ డాక్టర్లకి తెలీదు. ఇస్తాంబుల్‌లో ముసలమ్మలకి తెలుసు, పశ్చిమ ఆఫ్రికాలో తెలుసు, బెంగాల్లో తెలుసు. ఇస్తాంబుల్ నుంచి తిమోని అనే డాక్టర్ రాసిన ఉత్తరం 1714లోనే రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది, అయినా ఎవరూ కదల్లేదు. బ్రిటిష్ రాయబారి భార్య లేడీ మేరీ వోర్ట్‌లీ మాంటేగ్యూ 1718లో అక్కడే ఒక గ్రీకు ముసలమ్మతో తన కొడుక్కి వేయించింది, ఆవిడ మొహం మీద అప్పటికే మశూచి మచ్చలున్నాయి, తమ్ముడు ఆ జబ్బుతోనే పోయాడు. 1721లో లండన్‌లో జబ్బు పెరిగినప్పుడు కూతురికి కూడా వేయించింది, అప్పుడు గానీ రాజకుటుంబం కళ్ళు తెరవలేదు, ముందు న్యూగేట్ జైల్లో ఆరుగురు ఖైదీల మీద ప్రయోగించి చూశారు.

అదే 1721లో సముద్రం అవతల బోస్టన్‌లో ఇంకా పెద్ద కథ. కాటన్ మాథర్ అనే పాస్టర్ ఇంట్లో ఒనేసిమస్ అనే ఆఫ్రికన్ బానిస ఉండేవాడు. నీకు మశూచి వచ్చిందా అని అడిగితే వచ్చిందీ రాలేదూ అని రెండూ చెప్పి, తన ఊళ్ళో చేసే పని వివరించి చేతి మీద మచ్చ చూపించాడు. మాథర్ ఇది 1716లోనే లండన్‌కి ఉత్తరంలో రాశాడు. బోస్టన్‌లో జబ్బు దిగినప్పుడు డాక్టర్లందర్నీ బతిమాలితే జాబ్డియల్ బోయిల్‌స్టన్ ఒక్కడే ముందుకొచ్చి మొదట తన ఆరేళ్ళ కొడుక్కీ ఇంట్లో ఇద్దరు బానిసలకీ వేశాడు. ఊరు ఊరంతా తిరగబడింది, ఆఫ్రికన్లు చెప్పింది మనం వినడమేంటని పేపర్లలో వెక్కిరించారు, నవంబర్‌లో మాథర్ ఇంటి కిటికీలోంచి బాంబు విసిరారు, అదృష్టం కొద్దీ పేలలేదు.

ఇప్పుడు అసలు విషయం. జబ్బు తగ్గాక లెక్క తీశారు. మామూలుగా జబ్బు సోకినవాళ్ళు 5,800 చిల్లర, చనిపోయింది 844, అంటే దాదాపు 14 శాతం. బోయిల్‌స్టన్ వేసిన 240 పైచిలుకు మందిలో చనిపోయింది 6గురు, రెండున్నర శాతం లోపు. ఒక చికిత్స పని చేస్తుందా లేదా అని రెండు గుంపుల మరణాల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం, ఇవ్వాళ మేం రోజూ చేసే పని, అప్పటికి చాలా కొత్త. లండన్‌లో రాయల్ సొసైటీ సెక్రటరీ జేమ్స్ జురిన్ 1720ల్లో ఊరూరా ఉత్తరాలు రాయించుకుని ఇలాంటి లెక్కలే పోగుచేశాడు, 1760లో డేనియల్ బెర్నూలీ దీని మీదే గణితం కట్టాడు. అంటే పద్ధతీ బయటి నుంచే, దాన్ని కొలవాల్సిన అవసరమూ ఆ పద్ధతి వల్లే. బెంగాల్లో ఏటా వేసవికి ముందు ఇది వేసేవాళ్ళు ఊళ్ళు తిరిగేవాళ్ళని, పథ్యం ఏంటి, గాటు ఎలా పెడతారు అని హాల్వెల్ 1767లో లండన్ డాక్టర్లకి పుస్తకమే రాశాడు.

ఎదురు_ప్రశ్న:
అన్నీ చదివాను, బావున్నాయి. కానీ "అంచుల నుంచి వచ్చింది" అని ఒక్క మాటలో తేల్చేయొద్దు అని నా మనవి. అంచు అంటే ఎవరు? అక్కడుండే తెల్ల దొరలా, వాళ్ళ కింద పనిచేసినవాళ్ళా?

సాన్ డొమాంగ్, ఇప్పటి హైతీ, తీసుకోండి. 1784లో కాప్ ఫ్రాన్సే ఊళ్ళో ఒక సైన్స్ సొసైటీ పెట్టారు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా అందులో మెంబరు, 1789లో రాజముద్రతో రాయల్ సొసైటీ అయింది. పారిస్ తర్వాత ఫ్రెంచి సామ్రాజ్యంలో చెప్పుకోదగ్గ సైన్స్ కేంద్రం అని పొగుడుతారు. ఆ దీవిలో అప్పుడు నాలుగున్నర లక్షలకి పైగా బానిసలు. ఆ సొసైటీ చర్చించిన వ్యవసాయం, చెరకు, నీలిమందు, ఇవన్నీ వాళ్ళ వెన్ను విరిచిన పనులు. దాన్ని కూడా "అంచుల గొప్పతనం" కింద వేస్తే అన్యాయం.

ఇంకోటి, సూరినాంలో క్వాసి. ఆఫ్రికాలో పుట్టి బానిసగా వచ్చినవాడు, ఒక చెట్టు చేదు బెరడుతో జ్వరాలు తగ్గించేవాడు. శాంపిల్ స్వీడన్ చేరితే లిన్నేయస్ ఆ చెట్టుకి క్వాసియా అని అతని పేరే పెట్టాడు. బానిసకి ఇలాంటి గుర్తింపు చాలా అరుదు కాబట్టి అందరూ ఈ కథ సంతోషంగా చెప్తారు. కానీ అదే క్వాసి పారిపోయిన బానిసల్ని పట్టివ్వడంలో డచ్ వాళ్ళకి సాయం చేశాడు, అలా పారిపోయిన బానిసల వారసులైన సరమాకా జనం ఇప్పటికీ అతన్ని ద్రోహిగానే చెప్పుకుంటారు. 1776లో హేగ్‌కి పిలిచి డచ్ పాలకుడు ఆరెంజ్ ప్రిన్స్ సన్మానించాడు. ఇతను ఎవరి పక్షం? మీ పేపర్లో ఇలాంటి చిక్కుముడి ఒక్కటైనా ఉండాలి, లేకపోతే అది వట్టి పొగడ్తల దండ అయిపోతుంది.

తుపాయా గురించి మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు. 1769లో ఇంగ్లీషు నావికుడు కుక్ ఓడ ఎక్కిన, పసిఫిక్‌లోని రాయియాటియా దీవి పూజారి. చూసినవీ విన్నవీ కలిపి డెబ్బైకి పైగా దీవులతో పసిఫిక్ మ్యాప్ గీయించాడు, న్యూజిలాండ్‌లో మావోరీలతో మాట్లాడింది అతనే, అతను లేకపోతే ఆ ప్రయాణం వేరేలా ముగిసేది. 1770 డిసెంబర్‌లో బటావియాలో (ఇప్పటి జకార్తా) జబ్బుచేసి పోయాడు. ఆ మ్యాప్‌లో దీవులు ఎందుకు "తప్పు" చోట ఉన్నాయని రెండొందల ఏళ్ళు తల బాదుకున్నారు, ఎందుకంటే అతను లెక్క వేసిన తీరు యూరప్ దిక్సూచి తీరు కాదు.

పద్యం_ప్రేమికురాలు:
సాహిత్యం ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను వచ్చా. నాకు ప్రాణమైన టాపిక్ ఇది, కాస్త ఎక్కువ రాస్తే భరించండి.

ఇంగ్లీషు సాహిత్యాన్ని యూనివర్సిటీలో పాఠంగా ముందు చెప్పింది ఆక్స్‌ఫర్డ్ కాదు కేంబ్రిడ్జ్ కాదు. ఎడిన్‌బర్గ్. 1748లోనే ఆడమ్ స్మిత్ ఆ ఊళ్ళో దాని మీద బహిరంగ ఉపన్యాసాలిచ్చాడు, 1762లో హ్యూ బ్లెయిర్‌కి దాని కోసమే రాజు పేరు మీద ప్రొఫెసర్ పదవి ఇచ్చారు. కారణం చూడండి, 1707లో స్కాట్లండ్ ఇంగ్లండ్‌తో కలిసిపోయాక పైకి రావాలంటే లండన్ ఇంగ్లీషు రావాలి, యాసలో మాట్లాడితే నవ్వుతారు. ఎవరికి ఆ భాష పుట్టుకతో రాలేదో వాళ్ళే దాన్ని కూర్చుని శాస్త్రంగా చదివారు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా కూడా 1768లో అక్కడే మొదలైంది.

ఇంకో వైపు అదే స్కాట్లండ్ కొండల్లో 1746లో కలోడెన్ యుద్ధం అయ్యాక హైలాండ్ జనాన్ని అణిచేశారు, వాళ్ళ బట్టలు కూడా కట్టుకోనివ్వలేదు. పద్నాలుగేళ్ళు తిరిగేసరికి జేమ్స్ మెక్‌ఫర్సన్ అనే గేలిక్ కుర్రాడు ఆ కొండల పాత వీరగాథలు అని చెప్పి ఒసియన్ అనే ప్రాచీన కవి పేరుతో పద్యాలు అచ్చేశాడు. యూరప్ అంతా ఊగిపోయింది. అవి నిజంగా పాతవా, ఇతనే కట్టాడా అని శామ్యూల్ జాన్సన్ దగ్గర్నుంచి అందరూ కొట్టుకున్నారు, నిజానికి కొన్ని గేలిక్ పాటల మీద ఆధారపడి చాలా భాగం ఇతనే అల్లాడు. అయినా జర్మన్ కవి గోథే 1774 నాటి తన నవలలో పేజీలకి పేజీలు ఒసియన్‌ని చదివిస్తాడు, నెపోలియన్‌కి ఇష్టమైన కావ్యం. జర్మన్ ఆలోచనాపరుడు హెర్డర్ 1773లో ఒసియన్ మీద వ్యాసం రాసి, జానపదుల పాటల్లోనే జాతి గుండె ఉంటుందన్నాడు, తర్వాత దేశదేశాల పాటలు పోగేసి 1778, 79ల్లో రెండు సంపుటాలు వేశాడు. ఈ హెర్డర్ 1764 నుంచి ఐదేళ్ళు రిగాలో టీచర్, అంటే రష్యా సామ్రాజ్యం అంచున, జర్మన్ దొరల కింద లాట్వియన్ కూలీలు పాటలు పాడుకునే చోట. తర్వాత ప్రతి దేశంలో జానపద గేయాలు పోగుచేసినవాళ్ళందరికీ దారి అక్కణ్ణుంచే.

మనకి బాగా దగ్గరైనది శకుంతల. విలియం జోన్స్ కలకత్తాలో జడ్జి, 1784లో ఏషియాటిక్ సొసైటీ పెట్టి, రామలోచన్ దగ్గర సంస్కృతం నేర్చుకుని, నాటకాన్ని ముందు లాటిన్‌లోకి మాటకి మాట దింపి దాన్నుంచి ఇంగ్లీషు చేశాడు, 1789లో కలకత్తాలోనే అచ్చయింది. దాన్ని 1791లో జర్మన్‌లోకి తెచ్చిన గేయార్గ్ ఫోర్‌స్టర్ కుర్రాడిగా కుక్‌తో ఓడలో ప్రపంచం చుట్టొచ్చినవాడు. గోథే చదివి నాలుగు పాదాల పద్యం చెప్పాడు, తన ఫౌస్ట్ నాటకం మొదట్లో నాటకశాల సన్నివేశం మన సూత్రధారుణ్ణి చూసి పెట్టిందేనని చాలామంది పండితుల మాట. కాళిదాసు రాసిన పదమూడు పద్నాలుగు వందల ఏళ్ళకి ఒక కొత్త రంగస్థలం ఎక్కాడు.

బానిసలే కలం పట్టిన సంగతి కూడా మర్చిపోకండి. ఫిలిస్ వీట్లీ కవితలు 1773లో లండన్‌లో వచ్చాయి, బోస్టన్‌లో అచ్చుకి చందాలు కూడలేదు. 1789లో ఒలౌదా ఈక్వియానో ఆత్మకథ, ఆయన బతికుండగానే తొమ్మిది ఎడిషన్లు, తనే ఊరూరా తిరిగి అమ్మాడు. బానిస వ్యాపారం ఆపాలన్న ఉద్యమానికి పార్లమెంటు ఉపన్యాసాల కన్నా ఆ పుస్తకం తక్కువ చెయ్యలేదని నా గట్టి నమ్మకం.

పంచాంగం_లెక్క:
మీ గైడ్ గారు ఆధారం అడిగారు కదా, అంకెలతో ఒకటి ఇస్తా.

లె జాంతీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త శుక్ర గ్రహం సూర్యుడి మీదుగా దాటడం చూడ్డానికి ఇండియా బయల్దేరాడు. 1761లో పుదుచ్చేరి ఇంగ్లీషు వాళ్ళ చేతిలో పడటంతో ఓడ మీదే ఉండిపోయాడు, 1769 దాకా ఆగి పుదుచ్చేరిలో కూర్చుంటే ఆ రోజు మబ్బు పట్టింది. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆయన ఖాళీగా లేడు, ఒక తమిళుడి దగ్గర గ్రహణాలు గణించే పద్ధతి నేర్చుకున్నాడు. 1765 ఆగస్టు 30 చంద్రగ్రహణం ఎంతసేపు ఉంటుందో ఆ తమిళుడి లెక్క 41 సెకన్లు తక్కువ చెప్పింది, యూరప్‌లో అప్పటికి మేటి అనుకున్న మేయర్ పట్టికలు 68 సెకన్లు ఎక్కువ చెప్పాయి. ఒక్క గ్రహణంతో ఎవరు గొప్పో తేల్చలేం, కానీ ఈ అంకెలు రాసింది పారిస్ అకాడమీ మనిషే.

తర్వాత ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త బయ్యీ 1787లో భారతీయ ఖగోళం మీద పెద్ద గ్రంథం వేశాడు. దానికి ఆధారం గ్రహాల గతుల్ని లెక్కకట్టే నాలుగు పట్టికలు, సయాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి ఒకటి, కృష్ణాపురం నుంచి జెసూట్ క్రైస్తవ మిషనరీ ఫాదర్ ద్యూషాం పంపింది, లె జాంతీ తెచ్చింది, నాలుగోది నర్సాపురం పట్టిక, ఫాదర్ పటూయే పంపినది. ఎడిన్‌బర్గ్‌లో జాన్ ప్లేఫెయిర్ ఇవన్నీ పట్టుకుని 1789లో అక్కడి రాయల్ సొసైటీలో వ్యాసం చదివాడు. కలియుగం మొదట్లో, అంటే క్రీపూ 3102లో, నిజంగా ఆకాశం చూసే ఈ లెక్కలు కట్టారని బయ్యీ నమ్మాడు, అది నిలబడలేదు, లాప్లాస్ ఒప్పుకోలేదు, సరిగ్గానే ఒప్పుకోలేదు. కానీ ఆ వాదన వల్ల యూరప్‌లో ఖగోళ చరిత్ర అంటే గ్రీకులతో మొదలు అనే ధీమా కదిలింది.

చరిత్ర_పిచ్చి:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, ఇంత వస్తుందనుకోలేదు. ఎదురు_ప్రశ్న గారు చెప్పింది గట్టిగా పట్టుకుంటున్నా, క్వాసి కథకి విడిగా ఒక భాగం పెడతా. పంచాంగం_లెక్క గారూ, నర్సాపురం అంటే మన గోదావరి నర్సాపురమేనా? దానికి ఆధారం ఉందా?

పంచాంగం_లెక్క:
మంచి ప్రశ్న. ఆ పట్టిక మీద ఊరి పేరు లేదండి. 1569ని మూలంగా పెట్టుకుని కట్టిన లెక్కలు అవి. కానీ అందులో పగలు ఎంతసేపు ఉంటుందో కట్టే సూత్రం ఒకటి ఉంది, అది ఊరి అక్షాంశాన్ని బట్టి మారుతుంది కదా, దాన్ని వెనక్కి విప్పితే 16 డిగ్రీల 16 నిమిషాలు వచ్చింది. దాన్ని బట్టి ఇది నర్సాపురం నుంచి అయ్యుండొచ్చని బయ్యీ ఊహించాడు, ప్లేఫెయిర్ కూడా అలాగే, ఊహ అని చెప్పే రాశాడు. మన నర్సాపురం 16 డిగ్రీల 26 నిమిషాల దగ్గర ఉంది, మచిలీపట్నం 16 డిగ్రీల 10 నిమిషాల దగ్గర. కాబట్టి పేపర్లో "బయ్యీ ఊహ ప్రకారం నర్సాపురం" అని రాయండి, కృష్ణా గోదావరి డెల్టా అంటే ఇంకా భద్రం.